కంప్యూటర్‌లో మ్యాప్ మీద గుర్తులు, గీతలు, హద్దులు గీయడం: క్యూజీఐఎస్‌తో మొదటి నుంచీ

మా మామయ్యకి ఊళ్లో రెండెకరాల చేను ఉంది. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ కొత్తగా నేర్చుకుంటున్న రోజుల్లో ఆ చేను గట్ల వెంబడి శాటిలైట్ ఫొటో మీద గీత గీసి, విస్తీర్ణం లెక్కేసి, రంగుల ప్రింటు తీసి గర్వంగా ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు. "అల్లుడూ, పాస్‌బుక్కులో రెండెకరాలే ఉంది గదా, ఈ ఎనిమిది గుంటలు ఎక్కణ్నుంచి తెచ్చావు? పక్క చేనాయన చూస్తే కొట్లాటకొస్తాడు" అన్నారు.

గీత సరిగ్గానే ఉంది, గట్టు దాటలేదు. తప్పు అంతకు ముందే జరిగింది. లేయర్ (గీసినవి దాచుకునే పొర) తయారు చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ అడిగిన ఒక ప్రశ్నకి చదవకుండా ఓకే నొక్కేశాను. ఆ ఎనిమిది గుంటలు ఎలా పుట్టాయో కింద చెప్తాను. మ్యాప్ మీద గీయడంలో మౌస్ పని చాలా తేలిక, ఒక గంటలో చేతికొచ్చేస్తుంది. గీయక ముందు తీసుకునే నాలుగైదు నిర్ణయాల దగ్గరే మునుగుతాం. అందుకే ఈ మార్గదర్శిలో వాటికి ఎక్కువ చోటిచ్చాను.

క్యూజీఐఎస్ ఉచితం. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టును ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న వాలంటీర్లు నడుపుతున్నారు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. చూపించడానికి నాలుగు గుర్తులు, ఒక దారి గీత చాలనుకుంటే గూగుల్ ఎర్త్ ప్రో సరిపోతుంది, 2015 నుంచి అదీ ఉచితమే. గీసినవాటిని రేపు లెక్కపెట్టాలన్నా, వడపోయాలన్నా, ఇంకొకరితో కలిపి పని చేయాలన్నా మాత్రం క్యూజీఐఎస్‌కే రండి.

## పెయింట్‌కీ దీనికీ తేడా

పెయింట్‌లో గీత గీస్తే కొన్ని చుక్కలు రంగు మారతాయి, అంతే. ఇక్కడ గీసిన ప్రతి ఆకారమూ ఒక పట్టికలో ఒక వరుస. ఆ వరుసలో ఆకారం మూలల కొలతలుంటాయి, పక్కనే మీరు పెట్టుకున్న గడులుంటాయి: పేరు, రకం, తేదీ, గమనిక. రంగు, మందం ఇవేవీ అందులో ఉండవు. అవి పైన వేసే చొక్కా లాంటివి, ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఆకారాలు మూడు రకాలు. పాయింట్ అంటే ఒక్క చోటు: తూము, బోరుబావి, గుడి, విగ్రహం. లైన్ అంటే పొడవు ఉన్నది: రోడ్డు, కాలువ, పైపులైను. పాలిగాన్ అంటే చుట్టూ హద్దు ఉన్నది: చెరువు, చేను, పార్కు. ఒక లేయర్‌లో ఒక్క రకమే పెట్టుకోవాలి. పొద్దున్నే మూడు లేయర్లు తయారు చేసుకుని కూర్చోవడం మంచి అలవాటు.

ఏది పాయింటు, ఏది పాలిగాను అన్నది వస్తువు నిర్ణయించదు, మీ అవసరం నిర్ణయిస్తుంది. జిల్లాలో చెరువులెన్నో లెక్కపెట్టాలంటే చెరువు పాయింటైనా చాలు. నీళ్లెంత మేర పరుచుకున్నాయో తెలియాలంటే పాలిగాన్ కావాలి.

సాధనకి హుస్సేన్ సాగర్‌ని తీసుకుందాం. అందరికీ తెలిసిన చోటు, పైగా మూడు రకాల ఆకారాలూ అక్కడే దొరుకుతాయి: బుద్ధ విగ్రహం పాయింటు, ట్యాంక్‌బండ్ రోడ్డు లైను, సాగర్ పాలిగాను. విగ్రహం నీళ్ల మధ్య జిబ్రాల్టర్ రాక్ మీద ఉంది కాబట్టి పాలిగాన్‌లో చిల్లు పెట్టడం కూడా నేర్చుకోవచ్చు.

## తెర సిద్ధం చేసుకోవడం

క్యూజీఐఎస్ వెబ్‌సైట్‌లో రెండు రకాలు కనిపిస్తాయి. కొత్త హంగులన్నీ ఉన్నది ఒకటి, ఎక్కువ కాలం మరమ్మతులు అందే లాంగ్ టర్మ్ రిలీజ్ ఒకటి. రెండోదే తీసుకోండి. నేను చెప్పే మెనూలన్నీ 3వ వరసలోవి, పేర్లు తెరమీద ఇంగ్లీషులో ఎలా ఉంటాయో అలాగే తెలుగు లిపిలో రాస్తున్నాను.

కొత్త ప్రాజెక్టు తెరవండి. ఎడమవైపు బ్రౌజర్ ప్యానెల్‌లో ఎక్స్‌వైజెడ్ టైల్స్ అని ఉంటుంది. దాన్ని విప్పితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కనిపిస్తుంది, డబుల్ క్లిక్ చేస్తే ప్రపంచ పటం పరుచుకుంటుంది. మౌస్ చక్రంతో హైదరాబాద్ దాకా దిగండి. వెంటనే ప్రాజెక్టును సేవ్ చేసేయండి, పని మొదలుపెట్టాక గుర్తుండదు.

శాటిలైట్ ఫొటో కావాలంటే ప్లగిన్స్ మెనూలో క్విక్‌మ్యాప్‌సర్వీసెస్ అనే ప్లగిన్ (అదనపు పనిముట్టు) వేసుకోండి. దాని సెట్టింగ్స్‌లో మోర్ సర్వీసెస్ దగ్గర గెట్ కంట్రిబ్యూటెడ్ ప్యాక్ నొక్కితే చాలా పటాలు వస్తాయి. ఇస్రో వాళ్ల భువన్ కూడా ఉంది. హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ 2009లో తెచ్చిన ఈ పోర్టల్‌లో కొన్ని లేయర్లను డబ్ల్యూఎంఎస్ పద్ధతిలో (ఇంటర్నెట్ నుంచి పటాన్ని బొమ్మగా పంపే పద్ధతి) నేరుగా క్యూజీఐఎస్‌లోకి కలుపుకోవచ్చు. ఏ ఫొటో వాడినా గీసే ముందు ఒక పరీక్ష చేయండి: రెండు వేర్వేరు ఫొటోలు వేసి ఒకే కూడలిని చూడండి. ఒకదానికొకటి కొన్ని మీటర్లు జరిగి ఉండటం మామూలే. ఒక ఫొటో మీద సగం, ఇంకో ఫొటో మీద సగం గీస్తే ఆ తేడా అంతా మీ మ్యాప్‌లోకి వస్తుంది.

## ఈ ఒక్క నిర్ణయం దగ్గర ఆగండి

భూమి గుండ్రం, తెర చదరం. నారింజ తొక్కని బల్లమీద పరిచినట్టు, ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. ఎలా సాగదీశామో చెప్పేదే సీఆర్‌ఎస్, అంటే కొలతల పద్ధతి. ప్రతి పద్ధతికీ ఈపీఎస్‌జీ నంబరు ఒకటి ఉంటుంది. మనకి మూడు తెలిస్తే చాలు.

4326 అంటే మామూలు అక్షాంశ రేఖాంశాలు, డిగ్రీల్లో. ఫోను జీపీఎస్ ఇచ్చేది ఇదే. చోటు చెప్పడానికి బాగుంటుంది, కొలవడానికి కాదు.

3857 అంటే వెబ్ మెర్కేటర్. ఇంటర్నెట్‌లో కనిపించే మ్యాపులు దాదాపు అన్నీ ఇందులోనే ఉంటాయి. యూనిట్లు మీటర్లని రాసి ఉంటుంది, అక్కడే మోసపోతాం. భూమధ్యరేఖ నుంచి దూరం వెళ్లేకొద్దీ ఇది అన్నిటినీ ఉబ్బిస్తుంది. హైదరాబాద్ దగ్గర పొడవులు సుమారు ఐదు శాతం, విస్తీర్ణాలు సుమారు పది శాతం ఎక్కువ చూపిస్తుంది. ఎకరానికి నలభై గుంటలైతే ఇది నలభై నాలుగు చూపిస్తుందన్నమాట. మామయ్య చేనులో పుట్టిన ఎనిమిది గుంటలు ఇవే. 60వ అక్షాంశం దగ్గరికి పోతే విస్తీర్ణం నాలుగింతలవుతుంది.

మనకి కావలసింది యూటీఎం. ఇది ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల నిలువు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీకి ఒక్కో పద్ధతి ఇస్తుంది. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా 44వ పట్టీ, నంబరు 32644. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, తిరుపతి, విశాఖ అన్నీ ఇందులోకే వస్తాయి. అనంతపురం, ఆదోని, తాండూరు, జహీరాబాద్ వైపు వాళ్లు 78కి పడమర ఉన్నారు కాబట్టి 43వ పట్టీ, 32643. పలాస, ఇచ్ఛాపురం వాళ్లకి 45వది, 32645. పట్టీ అంచు మీదుండే ఊరైతే రెండింటిలో ఏది వాడినా పెద్ద తేడా రాదు, కాకపోతే మొత్తం పనికి ఒకటే వాడండి.

ఇంకో సందేహం చాలామందికి వస్తుంది. వెనకున్న పటం 3857లో, నా లేయర్ 32644లో ఉంటే రెండూ కలుస్తాయా? కలుస్తాయి. తెరమీద చూపించేటప్పుడు క్యూజీఐఎస్ అప్పటికప్పుడు మార్చి చూపిస్తుంది. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. మొదట వేసిన పటం 3857 కాబట్టి ప్రాజెక్టు 3857 అయిపోతుంది, కొత్త లేయర్ కూడా అదే తీసుకుందామని మనం ఊరుకుంటాం. కింద కుడి మూలన నంబరు చూసి, దానిమీద క్లిక్ చేసి ప్రాజెక్టును కూడా 32644కి మార్చేయండి, గొడవ వదిలిపోతుంది.

## లేయర్లు తయారు చేయడం

లేయర్ మెనూ, క్రియేట్ లేయర్, న్యూ జియోప్యాకేజ్ లేయర్. పాత పుస్తకాలన్నీ షేప్‌ఫైల్ చేయమంటాయి, వినకండి. షేప్‌ఫైల్ 1990ల నాటిది. ఒక్క లేయర్‌కి నాలుగైదు ఫైళ్లవుతుంది, వాటిలో ముఖ్యమైనది ఒకటి పోతే మిగతావి పనికిరావు. తెలుగువాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. గడి పేరుకి అందులో పది బైట్లే చోటు. యూనికోడ్‌ని దాచే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది. "చెరువు" అన్న మాటలో అక్షరాలూ గుణింతాలూ కలిపి ఆరు గుర్తులు, అంటే పద్దెనిమిది బైట్లు. చెరువు పట్టే గడి కాదది. జియోప్యాకేజ్ 2014లో వచ్చింది, అంతా ఒకే ఫైలు, తెలుగు ఎంత రాసినా పడుతుంది.

తెరుచుకున్న పెట్టెలో ఇలా నింపండి:

1. డేటాబేస్ దగ్గర ఫైలు ఎక్కడ పెట్టాలో చూపించి, సాగర్ అని పేరివ్వండి. ఫైలు పేరు, ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉంటే తర్వాత తలనొప్పి ఉండదు.
2. టేబుల్ నేమ్ దగ్గర గుర్తులు అని అర్థమయ్యే పేరేదైనా పెట్టండి.
3. జామెట్రీ టైప్ దగ్గర పాయింట్ ఎంచుకోండి.
4. దాని కింద ఉన్న సీఆర్‌ఎస్ దగ్గర 32644 పెట్టండి. నేను చదవకుండా ఓకే నొక్కింది ఇక్కడే.
5. న్యూ ఫీల్డ్ దగ్గర పేరు, రకం, గమనిక అని మూడు టెక్స్ట్ గడులు ఒక్కొక్కటిగా యాడ్ చేయండి. ప్రతిదానికీ యాడ్ టు ఫీల్డ్స్ లిస్ట్ నొక్కడం మర్చిపోవద్దు. పేరు టైపు చేసి నేరుగా ఓకే కొడితే ఆ గడి రాదు.

ఇప్పుడు లైన్ లేయర్‌కీ ఇదే పని. అదే సాగర్ ఫైలునే చూపించి, టేబుల్ పేరు మార్చి, లైన్‌స్ట్రింగ్ ఎంచుకోండి. ఓకే నొక్కగానే, ఫైలు ముందే ఉంది, ఓవర్‌రైట్ చేయాలా, యాడ్ న్యూ లేయర్ చేయాలా అని అడుగుతుంది. యాడ్ న్యూ లేయర్. ఓవర్‌రైట్ నొక్కితే అందులో ఉన్న లేయర్లన్నీ పోతాయి, తిరిగి రావు. ఒక సాయంత్రం టీ తాగుతూ ఆ బటన్ నొక్కి మూడు రోజుల పని పోగొట్టుకున్నాను. మూడోసారి పాలిగాన్‌తో ఇలాగే చేయండి.

రకం గడి గురించి ఒక మాట. చేత్తో టైపు చేస్తే ఒక చోట "చెరువు", ఇంకో చోట "చెర్వు", మరో చోట చివర ఖాళీతో "చెరువు " అని పడతాయి. కంప్యూటర్‌కి అవి మూడు వేర్వేరు రకాలు. లేయర్ ప్రాపర్టీస్‌లో ఆట్రిబ్యూట్స్ ఫామ్‌కి వెళ్లి, ఆ గడికి విడ్జెట్ టైప్ వాల్యూ మ్యాప్ అని పెట్టి, రకాల జాబితా ఇచ్చేయండి. అప్పుడు టైపు చేయనక్కర్లేదు, జాబితాలోంచి ఎంచుకోవడమే.

## మొదటి గుర్తు: బుద్ధ విగ్రహం

పాయింట్ లేయర్‌ని ఎంచుకుని, పైన పెన్సిల్ గుర్తు నొక్కండి. పెన్సిల్ లేచి (ఆన్ అయి) ఉంటేనే గీయగలం. పక్కన యాడ్ పాయింట్ ఫీచర్ నొక్కి, విగ్రహం మీద క్లిక్ చేయండి. ఫారం తెరుచుకుంటుంది: పేరు బుద్ధ విగ్రహం, రకం విగ్రహం, గమనికలో 1992 డిసెంబరులో ప్రతిష్ఠ అని రాసుకోండి. ఎఫ్‌ఐడీ అన్న గడిని ముట్టుకోకండి, అదే నింపుకుంటుంది. ఓకే.

పెన్సిల్ పక్కనే సేవ్ లేయర్ ఎడిట్స్ అని ఉంటుంది. ప్రాజెక్టు సేవ్ చేస్తే గీసినవి సేవ్ అవ్వవు, ఈ రెండూ వేరు. ప్రాజెక్టు ఫైలులో ఏ లేయర్ ఎక్కడుంది, ఏ రంగు అన్నదే ఉంటుంది. ఆకారాలు జియోప్యాకేజ్‌లో ఉంటాయి. పది గుర్తులకొకసారి రెండూ నొక్కుతూ ఉండండి.

ఫోనులో తీసుకున్న అక్షాంశ రేఖాంశాలు చేతిలో ఉంటే ఒక్కొక్కటీ క్లిక్ చేయనక్కర్లేదు. ఎక్సెల్‌లో పేరు, అక్షాంశం, రేఖాంశం అని మూడు నిలువు వరుసలు రాసి సీఎస్‌వీగా సేవ్ చేయండి. లేయర్ మెనూలో యాడ్ లేయర్, యాడ్ డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్. ఎక్స్ ఫీల్డ్ దగ్గర రేఖాంశం, వై ఫీల్డ్ దగ్గర అక్షాంశం, సీఆర్‌ఎస్ దగ్గర 4326.

ఫోను మ్యాపులు అక్షాంశం ముందు చూపిస్తాయి: 17.4156, 78.4750. క్యూజీఐఎస్‌కి ఎక్స్ ముందు, అంటే రేఖాంశం. తిరగేస్తే బుద్ధుడు 78 డిగ్రీల ఉత్తరానికి పోయి, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో, లాంగియర్‌బైన్ అనే ఊరికి యాభై కిలోమీటర్ల దూరంలో తేలతాడు. అక్కడ ధ్రువపు ఎలుగుబంట్లు తిరుగుతాయి. మీ గుర్తులన్నీ మాయమైపోతే ముందు మ్యాప్‌ని వెనక్కి జరిపి ఆ దీవుల్లో వెతకండి.

## గీత: ట్యాంక్‌బండ్

పాయింట్ లేయర్ పెన్సిల్ దించేసి లైన్ లేయర్ పెన్సిల్ ఎత్తండి. అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదటి క్లిక్. రోడ్డు వంపు తిరిగిన చోటల్లా ఒక క్లిక్, కర్బలా మైదానం దగ్గర చివరి క్లిక్, అక్కడ కుడి క్లిక్ చేస్తే గీత ముగుస్తుంది. మధ్యలో ఒక క్లిక్ తప్పితే బ్యాక్‌స్పేస్ నొక్కితే ఆ ఒక్కటే పోతుంది, ఎస్కేప్ నొక్కితే గీతంతా పోతుంది. గీస్తుండగా పటం జరపాలంటే స్పేస్‌బార్ పట్టుకుని మౌస్ కదపండి.

క్లిక్‌లు ఎన్ని వేయాలి? తిన్నగా ఉన్న చోట వేయకండి, వంపులో దగ్గరదగ్గరగా వేయండి. రోడ్డు తిన్నగా ఉన్నా యాభై క్లిక్‌లు వేసేవాళ్లని చూశాను, తర్వాత సవరించాలంటే ఆ యాభైనీ జరపాలి. ఇంకో నియమం: ఎంత దగ్గరకెళ్లి గీయాలో ముందే నిర్ణయించుకుని, పనంతా అదే స్కేల్‌లో చేయండి. కింద స్కేల్ దగ్గర 1:2000 అని పెట్టుకుంటే ఊరి పనులకి బాగుంటుంది. ఒక కాలువ 1:500లో, పక్కది 1:10000లో గీస్తే ఒకటి మెలికలు మెలికలుగా, ఒకటి కర్రలా కనిపిస్తుంది.

గీత ఏ వైపు నుంచి ఏ వైపుకి గీశారన్నది కూడా లోపల నమోదవుతుంది. రోడ్డుకి పెద్ద పట్టింపు లేదు గానీ, కాలువకి ప్రాణం అదే. తూము నుంచి ఆయకట్టు వైపు, నీళ్లు పారే దిక్కుగానే గీయండి. రేపు బాణం గుర్తులు పెట్టినప్పుడు నీళ్లు ఎగువకి పారుతున్నట్టు కనిపిస్తే నవ్వుతారు. తప్పు గీసి ఉంటే అడ్వాన్స్‌డ్ డిజిటైజింగ్ టూల్‌బార్‌లో రివర్స్ లైన్ ఉంది.

## హద్దు: సాగర్, దానిలో చిల్లు

పాలిగాన్ కూడా లైన్ లాగే. ఒడ్డు వెంబడి క్లిక్ చేసుకుంటూ చుట్టూ తిరిగి వచ్చి కుడి క్లిక్. మొదలుపెట్టిన చుక్క మీద మళ్లీ క్లిక్ చేయకండి, అదే మూసుకుంటుంది. రంగు నిండిపోయి కింద ఫొటో కనిపించకపోతే ఎఫ్7 నొక్కి స్టైలింగ్ ప్యానెల్‌లో ఫిల్ తీసేసి అంచు గీత మాత్రమే ఉంచుకోండి.

మౌస్ కన్నా ముందు బుర్ర పెట్టాల్సిన చోటు ఇది. ఏ ఒడ్డు గీస్తున్నారు? ఫొటో తీసిన రోజు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో అదా, చెరువు నిండితే నీళ్లు నిలిచే ఎఫ్‌టీఎల్ అంచా? రెండూ వేరు. వేసవి ఫొటోలో నీటి అంచు గీసి దాన్ని చెరువు హద్దు అనుకుంటే, శిఖం భూమి (చెరువు లోపలి నేల) అంతా హద్దుకి బయట ఉండిపోతుంది. ఫొటో చూసి గీసింది నీటి అంచు మాత్రమే. ఎఫ్‌టీఎల్ నేలమీద సర్వే చేసి తేల్చేది. కాబట్టి గమనిక గడిలో "నీటి అంచు, ఫలానా తేదీ ఫొటో" అని రాసి పెట్టండి. హుస్సేన్ సాగర్ విస్తీర్ణం 5.7 చదరపు కిలోమీటర్లని చాలా చోట్ల కనిపిస్తుంది. మీ లెక్క దానికి సరిపోకపోతే ముందు ఈ ప్రశ్నే వేసుకోండి.

ఇక చిల్లు. జిబ్రాల్టర్ రాక్ నీళ్లు కాదు కదా. అడ్వాన్స్‌డ్ డిజిటైజింగ్ టూల్‌బార్‌లో యాడ్ రింగ్ తీసుకుని, రాయి చుట్టూ క్లిక్ చేసి కుడి క్లిక్ చేయండి. గారెకి మధ్యలో వేలు పెట్టినట్టు అక్కడ చిల్లు పడుతుంది, విస్తీర్ణంలోంచి ఆ భాగం తగ్గిపోతుంది.

## అతుక్కోవడం

సాగర్ ఉత్తరపు ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. పార్కు పాలిగాన్‌నీ సాగర్ పాలిగాన్‌నీ విడివిడిగా కంటితో చూసి గీస్తే, రెండిటి మధ్య అక్కడక్కడ సన్నటి సందులు, అక్కడక్కడ ఒకదానిమీద ఒకటి ఎక్కడాలు వస్తాయి. దూరం నుంచి కనపడవు, విస్తీర్ణాలు కూడినప్పుడు బయటపడతాయి. పక్కపక్క చేన్లు గీసేటప్పుడైతే ఇదే పెద్ద గొడవ.

దీనికి మందు స్నాపింగ్. వ్యూ, టూల్‌బార్స్‌లో స్నాపింగ్ టూల్‌బార్ తెరిచి అయస్కాంతం గుర్తు నొక్కండి. వర్టెక్స్ (మూల చుక్క), సెగ్మెంట్ (చుక్కల మధ్య గీత) రెండూ పెట్టండి, దూరం 12 పిక్సెల్స్ ఉండనివ్వండి. ఇప్పుడు మౌస్ సాగర్ అంచు దగ్గరకి రాగానే రంగు గుర్తు వెలిగి అతుక్కుంటుంది. అదే టూల్‌బార్‌లో ట్రేసింగ్ కూడా ఉంది: ఆన్ చేసి, పాత అంచు మీద ఒక చోట, ఇంకొక చోట క్లిక్ చేస్తే మధ్యలో మెలికలన్నీ అదే గీసుకుంటుంది.

అన్నిచోట్లా అతికించేయకండి. ట్యాంక్‌బండ్ రోడ్డుకీ నీటికీ మధ్య కట్ట ఉంది, ఫుట్‌పాత్ ఉంది. నేలమీద కలిసున్నవే మ్యాప్‌లో కలవాలి. రోడ్డు గీసేటప్పుడు అయస్కాంతం ఆపేయండి.

## గుండ్రాలు, చదరాలు

షేప్ డిజిటైజింగ్ టూల్‌బార్‌లో వృత్తం, దీర్ఘచతురస్రం, సమభుజాల ఆకారాలు గీసే పనిముట్లున్నాయి. ఇళ్ల ప్లాట్లు గీయడానికి చదరం పనికొస్తుంది. గుండ్రం మాత్రం చేత్తో గీయాల్సిన అవసరం చాలా తక్కువ. "బోరు చుట్టూ 500 మీటర్లు" లాంటివి కావాలంటే వెక్టర్, జియోప్రాసెసింగ్ టూల్స్‌లో బఫర్ వాడండి. మీ లేయర్ 32644లో ఉంది కాబట్టి అక్కడ మీటర్లు అడుగుతుంది. 4326లో ఉండుంటే డిగ్రీలు అడిగేది, 500 డిగ్రీలంటే భూగోళం మొత్తం చుట్టొచ్చి ఇంకా మిగులుతుంది. సెగ్మెంట్స్ దగ్గర ఉన్న 5ని ముప్పైకో నలభైకో పెంచండి, లేకపోతే గుండ్రం మూలలు మూలలుగా వస్తుంది.

## సవరణలు

వర్టెక్స్ టూల్ తీసుకుని చుక్క మీద ఒకసారి క్లిక్ చేసి వదిలేయండి, మౌస్ జరపండి, కొత్త చోట మళ్లీ క్లిక్ చేయండి. పట్టుకుని లాగడం అలవాటైన చేతికి ఇది మొదట్లో చిరాకు. గీత మధ్యలో కనిపించే ప్లస్ గుర్తు నొక్కితే కొత్త చుక్క వస్తుంది. ఒడ్డులో కొంత భాగమే మారిస్తే రీషేప్ ఫీచర్స్ వాడండి, పాత అంచు మీదుగా కొత్త గీత గీస్తే చాలు. అన్నదమ్ములు చేను పంచుకుంటే స్ప్లిట్ ఫీచర్స్, మళ్లీ కలిస్తే మెర్జ్. కంట్రోల్ జెడ్ మీ వెంట ఉంటుంది గానీ, సేవ్ లేయర్ ఎడిట్స్ నొక్కే దాకానే.

## ఎకరాలు, గుంటలు, సెంట్లు

ప్రాజెక్ట్ ప్రాపర్టీస్, జనరల్‌లో ఎలిప్సాయిడ్ దగ్గర డబ్ల్యూజీఎస్ 84 ఉందో లేదో, ఏరియా యూనిట్స్ స్క్వేర్ మీటర్స్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాత పాలిగాన్ లేయర్ ఎంచుకుని ఫీల్డ్ కాలిక్యులేటర్ తెరవండి. ఎకరాలు అని కొత్త గడి పేరిచ్చి, రకం డెసిమల్ పెట్టండి. మధ్యలో ఉన్న ఫంక్షన్ల జాబితాలో జామెట్రీ గుంపు విప్పితే ఏరియా అని రెండు కనిపిస్తాయి. ఒకటి డాలర్ గుర్తుతో మొదలవుతుంది, ఇంకొకటి వట్టి ఏరియా.

డాలర్ ఉన్నదే వాడండి. అది భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, మీ లేయర్ ఏ పద్ధతిలో ఉన్నా నిజమైన విస్తీర్ణం ఇస్తుంది. వట్టి ఏరియా మాత్రం లేయర్ ఏ పద్ధతిలో ఉంటే ఆ బల్లపరుపు మీదే కొలుస్తుంది. 3857 లేయర్ మీద నేను వాడింది ఈ రెండోదే. డాలర్ ఏరియా మీద డబుల్ క్లిక్ చేసి, పక్కన భాగించే గుర్తు పెట్టి 4046.86 వేస్తే ఎకరాలు. గుంటలు కావాలంటే ఎకరాన్ని 40తో, ఆంధ్ర వైపు సెంట్లు కావాలంటే 100తో గుణించండి. ప్రాజెక్టులో ఏరియా యూనిట్స్‌ని ఎకరాలకే మార్చేసి ఉంటే భాగారం అక్కర్లేదు, డాలర్ ఏరియా నేరుగా ఎకరాలే ఇస్తుంది. రెండూ చేస్తే చేను అరచేతంత అవుతుంది.

ఇలా రాసిన అంకె రాయిలా ఉండిపోతుంది. రేపు హద్దు జరిపినా మారదు. మారాలంటే కాలిక్యులేటర్‌లో క్రియేట్ వర్చువల్ ఫీల్డ్ టిక్ పెట్టండి, అప్పుడు ఎప్పటికప్పుడు లెక్క వేస్తుంది.

మామయ్య చేను మళ్లీ లెక్కేస్తే రెండెకరాల అరగుంట వచ్చింది. ఈసారి ఆయన కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. "ఆ అరగుంట గట్టుదిలే" అన్నారు.

## తెలుగు పేర్లు కనిపించేలా

లేబుల్స్‌లో సింగిల్ లేబుల్స్ ఎంచుకుని, వాల్యూ దగ్గర పేరు గడి ఇవ్వండి. ఫాంటు తెలుగుది పెట్టండి: విండోస్‌లో నిర్మలా యూఐ ముందే ఉంటుంది, నోటో సాన్స్ తెలుగు దించుకుంటే ఇంకా శుభ్రంగా కనిపిస్తుంది. బఫర్ టిక్ పెడితే అక్షరాల చుట్టూ తెల్లటి అంచు వచ్చి ఫొటో మీద కూడా చదవగలం. రోడ్డు వంపు వెంబడి పేరు వంచినప్పుడు ఒత్తులూ గుణింతాలూ విడిపోయినట్టు కనిపిస్తే ప్లేస్‌మెంట్‌ని పారలల్‌కి మార్చండి. పీడీఎఫ్ తీసేటప్పుడు టెక్స్ట్ ఎక్స్‌పోర్ట్ దగ్గర పాత్స్ అన్న ఎంపిక ఉంచితే, అవతలివాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోయినా తెలుగు చెడిపోదు.

గుర్తు సైజు మామూలుగా మిల్లీమీటర్లలో ఉంటుంది, అంటే దగ్గరకెళ్లినా దూరం వెళ్లినా తెరమీద అంతే కనిపిస్తుంది. పటంతో పాటు పెరగాలంటే యూనిట్‌ని మీటర్స్ ఎట్ స్కేల్‌కి మార్చండి.

## ఇతరులకి ఇవ్వడం

చూసుకోవడానికి మాత్రమే అయితే లేయర్ మీద కుడి క్లిక్, ఎక్స్‌పోర్ట్, సేవ్ ఫీచర్స్ యాజ్, ఫార్మాట్ కేఎంఎల్. సీఆర్‌ఎస్ 4326 పెట్టండి. వాళ్లు గూగుల్ ఎర్త్‌లో తెరుచుకుంటారు. వెబ్‌సైటు చేసే స్నేహితుడికైతే జియోజేసన్, దానికీ 4326. కాగితం మీదైతే ప్రాజెక్ట్ మెనూలో న్యూ ప్రింట్ లేఅవుట్, అందులో స్కేల్ బార్, ఉత్తరం బాణం పెట్టి, వెనక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంటే ఒక మూల వాళ్ల పేరు కూడా వేయండి. అది మర్యాద మాత్రమే కాదు, వాళ్ల లైసెన్సు షరతు.

అవతలివాళ్లు మీ పనిని కొనసాగించాలంటే జియోప్యాకేజ్ ఫైలే ఇవ్వాలి. క్యూజీఐఎస్ తెరిచి ఉండగా ఆ ఫైలు పక్కన దాని పేరుతోనే, చివర వాల్ అనీ ఎస్‌హెచ్‌ఎం అనీ ఉన్న రెండు చిన్న ఫైళ్లు కనిపిస్తాయి. చివరగా గీసినవి ఇంకా వాటిలోనే ఉండొచ్చు. పెన్సిల్ దించి, క్యూజీఐఎస్ మూసేసి, ఆ రెండూ మాయమయ్యాక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి.